ఎకోతో ఆకస్మిక గుండె మరణం ముప్పును అంచనా వేయడం: ఏది కొలవాలి, ఎలా కొలవాలి, ఎక్కడ తప్పుతాం

ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రిపోర్టులో ఈఎఫ్ (ఎడమ జఠరిక ప్రతి బీట్‌కూ బయటికి నెట్టే రక్తం శాతం) 33 అని ఉంటే ఛాతీలో ఐసీడీ (ప్రమాదకర లయను షాక్‌తో సరిచేసే పరికరం) పెట్టే మాట మొదలవుతుంది. 36 అని ఉంటే మందులు వాడుతూ మూడు నెలలకు మళ్లీ రమ్మంటారు. ఈ మూడు పాయింట్ల తేడా గుండెలోనే ఉండొచ్చు, ప్రోబ్ ఒక పక్కటెముక పైకి పెట్టినందువల్లా రావచ్చు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం కొలత గురించే. ఎకో చేసేవారికి, కొత్తగా కార్డియాలజీలోకి వచ్చిన డాక్టర్లకు, తమ రిపోర్టును అర్థం చేసుకోవాలనుకునే పేషెంట్లకు ఇది పనికొస్తుంది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. గుండెపోటు, ఆకస్మిక గుండె మరణం ఒకటి కావు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. ఆకస్మిక మరణంలో చాలాసార్లు జరిగేది గుండె లయ చెదిరిపోవడం. కింది గదులు అదుపు లేకుండా వణుకుతాయి, రక్తం బయటికి వెళ్లదు, క్షణాల్లో మనిషి స్పృహ తప్పుతాడు. లయ చెదరాలంటే సాధారణంగా దానికి అనువైన నేల ఉండాలి: మచ్చ పడిన కండరం, అతిగా మందమైన గోడ, సాగిపోయిన గది, మెలిక తిరిగిన కండర పోగులు. ఎకో చూపించేది ఈ నేలనే. నిప్పురవ్వ ఎప్పుడు పడుతుందో అది చెప్పలేదు.

లాంగ్ క్యూటీ, బ్రుగాడా, సీపీవీటీ లాంటి విద్యుత్ జబ్బుల్లో గుండె ఆకారం మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎకో కూడా నార్మల్‌గానే వస్తుంది. పరుగెత్తుతుండగా స్పృహ తప్పిన కుర్రాడికి ఎకో నార్మల్ అని చెప్పి ఇంటికి పంపేయడం ఈ రంగంలో జరిగే అతి ప్రమాదకరమైన పొరపాట్లలో ఒకటి.

ప్రోబ్ పట్టుకునే ముందు

ఏ జబ్బు గురించి వెతుకుతున్నామో తెలియకపోతే అంకెకు అర్థం ఉండదు. గుండెపోటు వచ్చినవారిలో ఈఎఫ్ 45 అంటే ఒక ముప్పు, ఎల్‌ఎంఎన్‌ఏ జన్యులోపం ఉన్నవారిలో అదే 45 అంటే వేరే ముప్పు. రెండో కేసులో ఈఎఫ్ 50 కంటే తగ్గడమే ఒక హెచ్చరిక. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీలోనూ (గుండె గోడ అతిగా మందమయ్యే జబ్బు) 50 కంటే తక్కువ ఈఎఫ్‌ను జబ్బు ముదిరిన గుర్తుగా తీసుకుంటారు. అందుకని రిక్వెస్ట్ ఫారం మీద "ఎకో" అని మాత్రమే రాసి ఉంటే, పంపిన డాక్టర్‌ను అడిగి అసలు ప్రశ్న తెలుసుకోండి.

ఎత్తు, బరువు, బీపీ, లయ, గుండె రేటు రాసుకోండి. ఈసీజీ లీడ్లు సరిగా అంటుకుని, ఆర్ వేవ్ (ప్రతి బీట్‌కూ లేచే ఎత్తైన మొన) నిటారుగా కనిపించాలి. తర్వాత చేయబోయే టైమింగ్ కొలతలన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఎలక్ట్రోడ్ జెల్ ఎండిపోయి బేస్‌లైన్ ఊగుతుంటే మిషన్ బీట్లను తప్పుగా కోస్తుంది. తెరపై కొలత వచ్చినట్టే ఉంటుంది, ఎక్కడ తప్పిందో తెలియదు.

ఇంకోటి తేదీ. గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లో కండరం చచ్చిపోకుండా మొద్దుబారి ఉండొచ్చు, వారాల్లో తేరుకోవచ్చు. అందుకే ఐసీడీ నిర్ణయానికి వాడే ఈఎఫ్‌ను గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు ఆగి, స్టెంట్ లేదా బైపాస్ అయితే 3 నెలలు ఆగి కొలుస్తారు. 2004లో వచ్చిన డైనమిట్ ట్రయల్‌లో గుండెపోటు తర్వాత 6 నుంచి 40 రోజుల లోపే ఐసీడీ పెట్టి చూశారు. లయ వల్ల చనిపోయేవారు తగ్గారు గానీ మొత్తం మరణాలు తగ్గలేదు. గుండె బలహీనత కొత్తగా బయటపడినవారిలోనూ అంతే: బీటా బ్లాకర్, ఏసీఈ ఇన్‌హిబిటర్ లేదా ఆర్నీ, ఎంఆర్‌ఏ, ఎస్‌జీఎల్‌టీ2 మందులు సరైన మోతాదులో కనీసం 3 నెలలు వాడాక వచ్చిన ఈఎఫ్‌కే విలువ. రిపోర్టు పైభాగంలో "గుండెపోటు తర్వాత 12వ రోజు" అని ఒక్క ముక్క రాస్తే, ఆ అంకెను తొందరపడి ఎవరూ వాడరు.

ఈఎఫ్: అందరూ చూసేది, అందరూ తొందరపడేది

ఈఎఫ్ 35 శాతం అనే గీత ట్రయల్స్ నుంచే వచ్చింది. 2002లో మాడిట్-2 గుండెపోటు వచ్చి ఈఎఫ్ 30 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిని తీసుకుంది. 2005లో ఎస్‌సీడీ-హెఫ్ట్ 35 లేదా తక్కువ ఉండి ఆయాస లక్షణాలున్నవారిని తీసుకుంది. రెండిట్లోనూ ఐసీడీ ప్రాణాలు కాపాడింది. 2016లో వచ్చిన డానిష్ ట్రయల్ మాత్రం రక్తనాళాల జబ్బు లేని గుండె బలహీనతలో మొత్తం మరణాలు తగ్గినట్టు చూపలేదు, ఆకస్మిక మరణాలు తగ్గాయి. అంటే గీత ఒకటే అయినా, దాని కిందికి వచ్చే జబ్బులు వేరు.

కొలత విషయానికొస్తే, ముప్పు అంచనాకు కంటి చూపుతో చెప్పే ఈఎఫ్ పనికిరాదు. ఎం-మోడ్ ఈఎఫ్ అసలే పనికిరాదు, ఎందుకంటే అది గుండె అడుగుభాగంలోని (కవాటాల వైపు) ఒక గీత మీద ఆధారపడుతుంది. గుండెపోటు మచ్చ ఎక్కువగా ఉండేది కొనవైపు. రెండు వ్యూల్లో గది లోపలి అంచు గీసి వాల్యూమ్ లెక్కించే సింప్సన్ బైప్లేన్ పద్ధతినే వాడండి.

పేషెంట్‌ను ఎడమ పక్కకు బాగా తిప్పండి. ఎడమ చేయి తల కిందికి పెట్టిస్తే పక్కటెముకల మధ్య సందు తెరుచుకుంటుంది. ఏపికల్ ఫోర్ ఛాంబర్ వ్యూ (కొన వైపు నుంచి నాలుగు గదులూ కనిపించేది) రాగానే ఫ్రీజ్ చేయకండి. ముందు కొనను చూడండి. నిజమైన కొన సన్నగా, కోసుగా ఉంటుంది, కొట్టుకున్నప్పుడు పెద్దగా కదలదు. గుండ్రంగా, మందంగా ఉండి, ప్రతి బీట్‌కూ కిందికి దూకుతుంటే అది కొన కాదు, మీరు గోడను ఏటవాలుగా కోస్తున్నారు. దీన్నే ఫోర్‌షార్టెనింగ్ అంటారు. గది పొట్టిగా కనిపిస్తుంది, ఈఎఫ్ ఎక్కువగా వస్తుంది, కొనలోని మచ్చ, ఉబ్బు, రక్తపు గడ్డ అన్నీ తప్పించుకుంటాయి. ప్రోబ్‌ను ఒక పక్కటెముక కిందికి, కాస్త బయటివైపుకు జరపండి. ఊపిరి వదిలి ఆపమనండి. ఊపిరితిత్తుల జబ్బున్నవారిలో కొద్దిగా పీల్చి ఆపితే మేలు.

డెప్త్ తగ్గించి ఎడమ జఠరిక తెరనిండా వచ్చేలా చేయండి. ఎడమ కర్ణిక కొంచెం తెగినా పర్వాలేదు, దాన్ని విడిగా తీసుకోవచ్చు. తర్వాత ప్రోబ్ కదపకుండా సుమారు 60 డిగ్రీలు తిప్పితే టూ ఛాంబర్ వస్తుంది. కుడి గది పూర్తిగా మాయమవ్వాలి. రెండు వ్యూల్లో గది పొడవుల మధ్య తేడా 10 శాతం దాటితే ఒకటి పొట్టిపడినట్టే, మళ్లీ తీయండి.

గది అతి పెద్దగా ఉన్న ఫ్రేమ్, అతి చిన్నగా ఉన్న ఫ్రేమ్ ఎంచుకుని లోపలి అంచు గీయండి. పాపిల్లరీ కండరాలు, లోపలి జాలి పోగులు గది లెక్కలోకే రావాలి, వాటి చుట్టూ మెలికలు తిరగకూడదు. కొత్తవారి గీత సాధారణంగా జాలి మీదుగానే వెళ్తుంది, వాల్యూమ్ తగ్గిపోతుంది.

ఆ గీతకు ఎంత బరువుందో ఒక లెక్కతో చూద్దాం. డయాస్టోల్ (గది నిండినప్పటి) వాల్యూమ్ 180 మి.లీ., సిస్టోల్ (గది కుంచించుకున్నప్పటి) వాల్యూమ్ 115 మి.లీ. అయితే ఈఎఫ్ 65 భాగించు 180, అంటే 36. సిస్టోల్ గీత కాస్త బయటికి జరిగి 120 వస్తే 60 భాగించు 180, అంటే 33. తేడా 5 మి.లీ., ఒక చెంచాడు. ఈ చెంచాడు రక్తం మీదే ఐసీడీ నిర్ణయం అటో ఇటో మొగ్గుతుంది. 2డి ఈఎఫ్‌ను ఇద్దరు కొలిస్తే 5 నుంచి 10 పాయింట్ల తేడా రావడం వింతేమీ కాదు. గీత దగ్గర్లో ఉన్న కేసుల్లో 3డి లేదా కాంట్రాస్ట్ ఎకో (రక్తంలోకి సూక్ష్మ బుడగలు ఎక్కించి చేసేది), కుదిరితే ఎంఆర్‌ఐ అడగడానికి మొహమాటపడకండి. పక్కపక్కన రెండు లేదా ఎక్కువ సెగ్మెంట్లు (గోడ భాగాలు) కనబడకపోతే కాంట్రాస్ట్ వాడాలన్నది ఒప్పుకున్న నియమం. వాడేటప్పుడు మెకానికల్ ఇండెక్స్‌ను (అల్ట్రాసౌండ్ తీవ్రత సూచిక) 0.2 కంటే తక్కువగా ఉంచండి, లేకపోతే కొన దగ్గర బుడగలు పగిలిపోయి అక్కడ గడ్డ ఉందేమో అన్నట్టు నల్లగా కనిపిస్తుంది.

సైనస్ (మామూలు) లయలో కనీసం 3 బీట్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (పై గదులు క్రమం తప్పి కొట్టుకునే లయ) కనీసం 5 బీట్ల సగటు తీసుకోండి. ఎక్టోపిక్ (ముందుగా పడే అదనపు బీట్) తర్వాత వచ్చే బీట్‌ను వదిలేయండి. గది ఎక్కువ నిండి, కండరం బలంగా కొట్టడం వల్ల ఆ ఒక్క బీట్‌లో ఈఎఫ్ పొగడ్తలా వస్తుంది.

ఈఎఫ్ 35 దాటినవారి సంగతి

ఆకస్మికంగా చనిపోయేవారిలో ఎక్కువమందికి ఈఎఫ్ 35 కంటే ఎక్కువే ఉంటుంది. ఈఎఫ్ తక్కువ ఉన్న ఒక్కొక్కరికీ ముప్పు ఎక్కువ, నిజమే. కానీ ఈఎఫ్ మధ్యస్థంగా ఉన్నవారి సంఖ్య చాలా పెద్దది కాబట్టి మొత్తం మరణాల్లో వారి వాటా పెద్దది. అందుకే ఈఎఫ్ రాసి ప్రోబ్ తుడిచేయకూడదు.

మొదట గోడల్ని ఒక్కొక్కటిగా చూడండి. ఎక్కడైనా గోడ డయాస్టోల్ చివర 6 మి.మీ. కంటే సన్నగా, తెల్లగా మెరుస్తూ, కదలకుండా ఉంటే అక్కడ గోడ మందమంతా మచ్చ పడి ఉండే అవకాశం ఎక్కువ. మచ్చకు, బతికున్న కండరానికి మధ్య సరిహద్దులోనే విద్యుత్ ప్రవాహం సుడి తిరుగుతుంది. వాల్ మోషన్‌ను 16 సెగ్మెంట్లకూ 1 నుంచి 4 దాకా స్కోర్ వేసి రాయండి. "కొద్దిగా హైపోకైనీషియా" (కదలిక తగ్గింది) అనే వాక్యం కంటే అది పదిరెట్లు పనికొస్తుంది. సెప్టం (రెండు జఠరికల మధ్య గోడ) అడుగుభాగం మాత్రమే విడిగా పలచబడి ఉంటే సార్కాయిడోసిస్ గుర్తుకు రావాలి.

తర్వాత స్ట్రెయిన్. ఎడమ జఠరిక పొడవునా ఎంత శాతం కుంచించుకుంటుందో జీఎల్‌ఎస్ చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో మైనస్ 20 ప్రాంతంలో ఉంటుంది. ఈఎఫ్ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే ఇది పడిపోవడం మొదలవుతుంది. కొలవాలంటే ఫోర్, టూ, త్రీ ఛాంబర్ వ్యూలు మూడూ కావాలి, సెకనుకు 50 నుంచి 80 ఫ్రేములు ఉండాలి, మూడింట్లో గుండె రేటు దాదాపు ఒకటే ఉండాలి. బృహద్ధమని కవాటం మూసుకునే క్షణాన్ని త్రీ ఛాంబర్‌లో కంటితో గానీ, డాప్లర్‌తో గానీ మీరే గుర్తించండి. మిషన్ ఊహకు వదిలేస్తే పీక్ తప్పు చోట పడుతుంది. ఆర్‌ఓఐ (మిషన్ ట్రాక్ చేసే పట్టీ) వెడల్పు పెరికార్డియంను (గుండె చుట్టూ ఉండే పొర) తాకకూడదు. తాకితే కదలని పొర కూడా లెక్కలోకి వచ్చి అంకె తగ్గుతుంది. ఒకే వ్యూలో రెండు కంటే ఎక్కువ సెగ్మెంట్లు సరిగా ట్రాక్ కాకపోతే జీఎల్‌ఎస్ ఇవ్వకండి. ఒక కంపెనీ మిషన్‌లో మైనస్ 17, ఇంకో దాంట్లో మైనస్ 15 రావచ్చు, కాబట్టి ఫాలోఅప్ అదే మిషన్ మీద జరగాలి.

లయ ముప్పుకు జీఎల్‌ఎస్ కంటే దగ్గరి బంధువు మెకానికల్ డిస్పర్షన్. ప్రతి సెగ్మెంట్‌లో ఈసీజీ ఆర్ వేవ్ నుంచి గరిష్ఠ కుంచింపు దాకా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో తీసుకుని, ఆ సమయాల స్టాండర్డ్ డీవియేషన్ లెక్కిస్తారు. గోడంతా 380 నుంచి 420 మధ్య పీక్‌కు చేరితే అంకె చిన్నది. మచ్చ పక్క సెగ్మెంట్లు 500 దాటి, దూరంగా ఉన్నవి 360 దగ్గరే ఆగిపోతే అంకె పెరుగుతుంది. విద్యుత్ ఒక్కోచోట ఒక్కో వేగంతో వెళ్తోందని కండరం చెప్పే సాక్ష్యం అది. ఆరోగ్యవంతుల్లో సగటున 35 మి.సె. ప్రాంతంలో ఉండి, వయసుతో కొంత పెరుగుతుంది. గుండెపోటు తర్వాతి రోగులపై ఓస్లోలో క్రిస్టీనా హౌగా బృందం చేసిన పరిశోధనల్లో 70-75 మి.సె. దాటినవారిలో ప్రమాదకర లయలు ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో "సిస్టోలిక్ పీక్" ఎంచుకోవడం. డిస్పర్షన్‌కు కావలసింది మొత్తం చక్రంలోని పీక్, కవాటం మూసుకున్నాక వచ్చే ఆలస్యపు కుంచింపుతో సహా. అదే కోసేస్తే అసలు జబ్బునే కోసేసినట్టు. రెండోది, కుంచించుకోకుండా సాగుతూనే ఉండే సెగ్మెంట్. దాని పీక్ సమయానికి అర్థం లేదు, వదిలేసి, ఎన్ని వదిలారో రాయండి. ఎల్‌బీబీబీ (ఎడమ జఠరికకు వెళ్లే విద్యుత్ దారిలో అడ్డు) ఉన్నా, పేస్‌మేకర్‌తో కొడుతున్నా డిస్పర్షన్ దానంతటదే పెరుగుతుంది, కాబట్టి అక్కడ పోల్చకండి.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి: స్ట్రెయిన్ అంకె ఒక్కటే చూసి ఐసీడీ పెట్టరు. దాని పని అనుమానం పెంచడం, ఎంఆర్‌ఐకి, పొడవైన హోల్టర్‌కు (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ రికార్డర్) దారి చూపడం.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ: ఎకో అంకెలు నేరుగా ఫార్ములాలోకి వెళ్లే చోటు

ఎకో చేసే మనిషి నైపుణ్యం పేషెంట్ భవిష్యత్తును ఇంత సూటిగా తాకే జబ్బు ఇంకొకటి లేదు. ఈ జబ్బులో (పొట్టిగా హెచ్‌సీఎం) ఆకస్మిక మరణం ముప్పు చెప్పే హెచ్‌సీఎం రిస్క్-ఎస్‌సీడీ అనే లెక్కను 2014లో యూరోపియన్ మార్గదర్శకాలు తీసుకొచ్చాయి. దాని ఏడు అంశాల్లో మూడు ఎకో నుంచే వస్తాయి: గరిష్ఠ గోడ మందం, ఎడమ కర్ణిక వ్యాసం, ఎల్‌వీఓటీ గ్రేడియంట్ (ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో పీడన తేడా). మిగతావి వయసు, కుటుంబంలో ఆకస్మిక మరణం, కారణం తెలియని స్పృహ తప్పడం, హోల్టర్‌లో ఎన్‌ఎస్‌వీటీ (కింది గదుల నుంచి కాసేపే వచ్చి ఆగిపోయే వేగపు లయ).

గోడ మందాన్ని పారాస్టెర్నల్ షార్ట్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్క నుంచి గుండెను అడ్డంగా చూపే వ్యూ), డయాస్టోల్ చివర, అడుగున, మధ్యన, కొన దగ్గర మూడు మట్టాల్లో చుట్టూ చూసి కొలవండి. లాంగ్ యాక్సిస్‌లో (గుండెను పొడవునా చూపే వ్యూ) ఒక్క గీత గీస్తే ముందు-పక్క గోడలో దాగిన మందం తప్పిపోతుంది. సెప్టం కుడివైపు అంటుకుని ఉండే కుడి జఠరిక పోగులు, మోడరేటర్ బ్యాండ్ గోడలా కనిపించి 4, 5 మి.మీ. అదనంగా కలుపుతాయి. ఫ్రేమ్‌లను ముందుకూ వెనక్కూ నడిపిస్తే ఆ పోగు విడిగా కదలడం కనబడుతుంది.

ఎడమ కర్ణికను పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో ముందు నుంచి వెనక్కి, మిల్లీమీటర్లలో కొలవాలి. వాల్యూమ్ మంచి కొలతే, కానీ ఈ ఫార్ములా దాన్ని అడగదు.

గ్రేడియంట్‌ను విశ్రాంతిలోనూ, వాల్సాల్వాతోనూ (ఊపిరి బిగబట్టి ముక్కడం) తీసుకుని పెద్దది రాయండి. వాల్సాల్వా అంటే చాలామంది బుగ్గలు ఉబ్బించి ఊరుకుంటారు. పొట్ట మీద చేయి పెట్టి "నా చేతిని నెట్టండి" అంటే సరిగా చేస్తారు. కనీసం 10 సెకన్లు పట్టాలి. లక్షణాలున్నా గ్రేడియంట్ 50 మి.మీ. పాదరసం దాటనివారిలో వ్యాయామంతో ఎకో చేయాలి, కానీ ఆ వ్యాయామపు అంకెను ఈ ఫార్ములాలో పెట్టకూడదు.

అతిపెద్ద ఉచ్చు మైట్రల్ (ఎడమ కర్ణిక, జఠరికల మధ్య కవాటం) లీకు. రక్తపు వేగాన్ని కొలిచే కంటిన్యువస్ వేవ్ డాప్లర్ గీతలో ఎల్‌వీఓటీ జెట్, లీకు జెట్ రెండూ పడతాయి. ఎల్‌వీఓటీ జెట్ నెమ్మదిగా మొదలై ఆలస్యంగా పీక్ చేరే బాకులా ఉంటుంది. లీకు జెట్ కవాటం మూసుకున్న వెంటనే మొదలై, నిండుగా, ఇరువైపులా సమంగా ఉంటుంది, వేగమూ ఎక్కువ. అనుమానం వస్తే ఒక లెక్క ఉంది. లీకు వేగం సెకనుకు 6.5 మీటర్లు అనుకోండి, 4 రెట్లు 6.5 వర్గం అంటే 169. దానికి కర్ణిక పీడనం సుమారు 15 కలిపితే జఠరికలో పీడనం 184. బీపీ పై అంకె 120 అయితే, అసలు గ్రేడియంట్ 64 ఉండాలి, అంటే ఎల్‌వీఓటీ వేగం సెకనుకు 4 మీటర్లు. మీరు 169 రాశారంటే లీకును కొలిచారన్న మాట. బీపీ రాసుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే.

ఇప్పుడు ఫార్ములాలో పెట్టి చూద్దాం. 40 ఏళ్ల మనిషి, గోడ మందం 22 మి.మీ., కర్ణిక 45 మి.మీ., గ్రేడియంట్ 64, హోల్టర్‌లో ఎన్‌ఎస్‌వీటీ ఉంది, కుటుంబ చరిత్ర, స్పృహ తప్పడం లేవు.

మందం: 0.1594 × 22 = 3.507
మందం వర్గం: 0.002943 × 484 = 1.424, ఇది తీసివేయాలి
కర్ణిక: 0.02591 × 45 = 1.166
గ్రేడియంట్: 0.004461 × 64 = 0.286
ఎన్‌ఎస్‌వీటీ: 0.826
వయసు: 0.0180 × 40 = 0.720, ఇదీ తీసివేయాలి

మొత్తం 3.64. దీని ఎక్స్‌పొనెన్షియల్ సుమారు 38.1. అయిదేళ్ల ముప్పు = 1 − 0.998 ఘాతం 38.1 = 7.3 శాతం. కుటుంబ చరిత్ర ఉంటే 0.458, స్పృహ తప్పడం ఉంటే 0.717 మొత్తానికి కలుస్తాయి. 6 శాతం, ఆపైన ఉంటే ఐసీడీ వైపు మొగ్గుతారు, 4 నుంచి 6 లోపు చర్చించి నిర్ణయిస్తారు, 4 కంటే తక్కువైతే వేరే హెచ్చరికలు లేనప్పుడు సాధారణంగా పెట్టరు.

అదే మనిషికి గోడను కొంచెం పక్క మట్టంలో కొలిచి 19, కర్ణికను కాస్త ఏటవాలుగా కోసి 40 రాశారనుకోండి. ముప్పు 5.8 శాతానికి పడి ఒక మెట్టు కిందికి దిగుతుంది. గ్రేడియంట్ స్థానంలో లీకు తాలూకు 169 పెడితే 11.5 శాతానికి ఎగబాకుతుంది. హోల్టర్‌లో ఎన్‌ఎస్‌వీటీ లేకపోతే 3.3 శాతమే. అందుకే 24 గంటలతో సరిపెట్టక 48 గంటల హోల్టర్ చేయమంటారు.

ఈ ఫార్ములాలో ఒక వింత ఉంది. మందం వర్గాన్ని తీసివేయడం వల్ల 27 మి.మీ. దాటాక మందం పెరిగేకొద్దీ లెక్కలో ముప్పు తగ్గుతూ వస్తుంది. గుండె అలా ప్రవర్తిస్తుందని కాదు, అంత మందమున్నవారు డేటాలో తక్కువ. 30 మి.మీ., ఆపైన ఉంటే అమెరికా మార్గదర్శకాలు దాన్నే ఒక పెద్ద హెచ్చరికగా తీసుకుంటాయి. అలాంటి పేషెంట్ దగ్గర కాలిక్యులేటర్‌ను గుడ్డిగా నమ్మకండి. 16 ఏళ్ల లోపు పిల్లలకు, గట్టి పోటీ క్రీడాకారులకు, ఫాబ్రీ లాంటి జీవక్రియ జబ్బుల్లో ఇది వర్తించదు; సెప్టం తగ్గించే చికిత్స అయ్యాక జాగ్రత్తగా వాడాలి. పిల్లలకు హెచ్‌సీఎం రిస్క్-కిడ్స్ వేరే ఉంది.

ఫార్ములాలో లేనిది కొన దగ్గరి ఉబ్బు. గది మధ్యలో గోడలు కలుసుకుపోయి, కొన చిన్న సంచిలా ఉబ్బి ఉంటుంది. మామూలు వ్యూలో, అందులోనూ పొట్టిపడిన వ్యూలో, ఇది కనబడదు. కలర్ డాప్లర్‌లో డయాస్టోల్‌లో కొన నుంచి అడుగుకు జెట్ వస్తుంటే కాంట్రాస్ట్ వేసి చూడాల్సిందే.

మిగతా చోట్లు

కుడి జఠరిక విషయంలో ఏఆర్‌వీసీ (కుడి జఠరిక కండరం కొవ్వుగా, మచ్చగా మారే జబ్బు) కోసం 2010 టాస్క్ ఫోర్స్ ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి. ఒక చోట గోడ కదలకపోవడం, ఎదురు కదలడం లేదా ఉబ్బడం ముందు కనబడాలి. దానికి తోడు లాంగ్ యాక్సిస్‌లో ఆర్‌వీఓటీ (కుడి జఠరిక నుంచి రక్తం వెళ్లే దారి) 32 మి.మీ. లేదా ఎక్కువ, షార్ట్ యాక్సిస్‌లో 36 లేదా ఎక్కువ, లేదా ఫ్రాక్షనల్ ఏరియా ఛేంజ్ (ప్రతి బీట్‌కూ గది వైశాల్యం తగ్గే శాతం) 33 శాతం లేదా తక్కువ ఉంటే అది మేజర్ ప్రమాణం. గది పెద్దదవడం ఒక్కటే సరిపోదు, ఓర్పు క్రీడలు ఆడేవారికి మామూలుగానే పెద్దదవుతుంది. మోడరేటర్ బ్యాండ్ అంటుకునే చోట గోడ కొద్దిగా ఎగిరినట్టు కనిపించడం సహజం. దాన్ని జబ్బుగా రాసి ఒక కుర్రాడి ఆట మాన్పించకండి.

మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ (కవాటపు రెక్కలు కర్ణికలోకి ఉబ్బడం) సాధారణం, దానివల్ల ఆకస్మిక మరణం అరుదు. ఆ అరుదైనవారిని వెతకడానికి మూడు గుర్తులు: రెండు రెక్కలూ ప్రొలాప్స్ అవడం, సిస్టోల్ చివర కవాటపు కీలు జఠరిక గోడ నుంచి విడిపడి కర్ణికవైపు జరిగినట్టు కనిపించే యాన్యులర్ డిస్‌జంక్షన్, ఇంకా పక్క యాన్యులస్‌లో (కవాటపు వలయం) టిష్యూ డాప్లర్ (కండరం కదిలే వేగం కొలిచేది) పెడితే సిస్టోల్ మధ్యలో సెకనుకు 16 సెం.మీ. లేదా ఎక్కువ ఎత్తున పొడుచుకొచ్చే మొన. పాత జర్మన్ సైనికుల మొనదేలిన టోపీలా ఉంటుందని దీన్ని పికెల్‌హౌబ్ గుర్తు అంటారు. ఇవి కనిపిస్తే తర్వాతి పని ఈసీజీలో కింది లీడ్ల టీ వేవ్‌లు, హోల్టర్, ఎంఆర్‌ఐ.

పదిహేను, ఇరవై ఏళ్లవారిలో ఒక్క నిమిషం అదనంగా కేటాయించి కరోనరీ మూలాలు చూడండి. షార్ట్ యాక్సిస్‌లో బృహద్ధమని కవాటానికి కాస్త పైన, గడియారం ముల్లు లెక్కన కుడి కరోనరీ 11 గంటల దగ్గర, ఎడమది 4 గంటల దగ్గర బయలుదేరాలి. కలర్ స్కేల్ తగ్గిస్తే లోపలి ప్రవాహం కూడా తెలుస్తుంది. ఎడమది కుడి సైనస్ నుంచి పుట్టి రెండు పెద్ద ధమనుల మధ్యగా వెళ్తుంటే అది ప్రమాదకరం. సీటీతో ఖరారు చేసుకోవాలి.

క్రీడాకారుల్లో గోడ 13 నుంచి 15 మి.మీ. ఉంటే తికమక తప్పదు. గది 55 మి.మీ. దాటి పెద్దగా ఉండి, టిష్యూ డాప్లర్‌లో ఈ-ప్రైమ్ (కండరం సడలే వేగం) బాగుంటే శిక్షణ వల్ల వచ్చిన మార్పే కావచ్చు. గది 45 కంటే చిన్నగా ఉండి ఈ-ప్రైమ్ పడిపోతే జబ్బు వైపు ఆలోచించాలి. తేలకపోతే మూడు నెలలు శిక్షణ ఆపి మళ్లీ కొలుస్తారు.

బీపీ వల్ల పెరిగిన ఎడమ జఠరిక బరువు కూడా ముప్పును పెంచుతుంది, కానీ ఆ కొలత చాలా పెళుసు. గోడలు 10 మి.మీ., గది 50 మి.మీ. అయితే బరువు సుమారు 182 గ్రాములు. గోడలు రెండూ 11 అని కొలిస్తే 207. ఘనం చేసే ఫార్ములా కాబట్టి మిల్లీమీటర్ తప్పు పాతిక గ్రాములవుతుంది.

రిపోర్టులో ఏం రాయాలి

"ఈఎఫ్ 35 శాతం, ఎల్‌వీ డిస్‌ఫంక్షన్" అని వదిలేయకండి. ఇలా ఉంటే నిర్ణయం తీసుకునేవారికి పని సులువవుతుంది:

"గుండెపోటు తర్వాత 96వ రోజు. సైనస్ లయ, రేటు 68, బీపీ 118/74. బైప్లేన్ ఈఎఫ్ 36, మూడు బీట్ల సగటు, రెండు వ్యూల పొడవు తేడా 4 శాతం, చిత్రం నాణ్యత మధ్యస్థం, కాంట్రాస్ట్ వాడలేదు. కొన, ముందు సెప్టం కదలిక లేదు, మందం 5 మి.మీ. గడ్డ కనబడలేదు. జీఎల్‌ఎస్ మైనస్ 11, డిస్పర్షన్ 78 మి.సె., 18లో 1 సెగ్మెంట్ వదిలేశాం. ఈఎఫ్ చికిత్స గీతకు దగ్గర్లో ఉంది. కాంట్రాస్ట్‌తో లేదా ఎంఆర్‌ఐతో మళ్లీ కొలవడం, 48 గంటల హోల్టర్ మంచిది."

చివరి రెండు వాక్యాలు రాయడానికి కొందరు వెనకాడతారు, అది డాక్టర్ పని కదా అని. కొలతలో ఎంత గట్టిదనం ఉందో కొలిచినవారికే బాగా తెలుసు. అది రాయకపోతే 36 అనే అంకె రాయి మీద చెక్కినట్టు ఫైల్లో ఉండిపోతుంది.

ఎకో నార్మల్‌గా వచ్చినా ఆగకూడని సందర్భాలు కొన్ని: వ్యాయామంలో లేదా ఈతలో స్పృహ తప్పడం, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి పడిపోవడం, పడిపోయే ముందు గుండె దడ, నలభై ఏళ్లలోపే దగ్గరి బంధువు హఠాత్తుగా చనిపోవడం. ఇలాంటివారికి క్యూటీ కొలిచిన 12 లీడ్ ఈసీజీ, ట్రెడ్‌మిల్, హోల్టర్, అవసరమైతే ఎంఆర్‌ఐ, జన్యుపరీక్ష కావాలి. రిపోర్టు కింద "ఆకార లోపం లేదు. లయ జబ్బు లేదని ఈ పరీక్ష చెప్పలేదు" అని ఒక వాక్యం రాయండి.